పీఎఫ్‌టీ రిపోర్టు చదవడం ఎలా: లీటర్లు మీవే, శాతం ఎవరిది?

బేతంచెర్ల నుంచి వచ్చిన ఒకాయన రెండు పీఎఫ్‌టీ కాగితాలు, అంటే ఊపిరితిత్తులు ఎంత గాలి ఊదగలవో చూసే పరీక్ష రిపోర్టులు తెచ్చి నా బల్ల మీద పరిచాడు. నాపరాళ్ల పాలిష్ మిషను మీద ఇరవై ఏళ్లుగా పని. మొదటి కాగితం కర్నూలులో మా దగ్గర ఊదింది. రెండోది పది రోజుల తర్వాత హైదరాబాదులో ఊదింది. మాదాంట్లో ఎఫ్‌వీసీ (ఒక్క ఊదులో మొత్తం వచ్చిన గాలి) 88 శాతం, కింద ‘నార్మల్’. రెండోదాంట్లో 71 శాతం, కింద ‘రెస్ట్రిక్షన్ ఉండవచ్చు’, అంటే ఊపిరితిత్తులు కుంచించుకుపోయి ఉండవచ్చని.

"పది దినాల్లో అంత చెడిపోయినాయా సార్ నా ఊపిరితిత్తులు? లేకుంటే మీరు ఊరికే బాగుందని చెప్పి పంపినారా?" అన్నాడు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది.

శాతానికి పక్క గడిలో ఉన్న అంకెను వేలితో చూపించాను. ఒకదాంట్లో 3.00 లీటర్లు, రెండోదాంట్లో 2.98. రెండు చోట్లా ఊదిన గాలి దాదాపు ఒక్కటే. తేడా అంతా ఆ గాలిని దేనితో భాగించారన్న దగ్గరే వచ్చింది.

తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల బండల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, మంగంపేట ముగ్గురాయి గనులవాళ్లు, ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో దూది దుమ్ము పీల్చేవాళ్లు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మన అమ్మలు, అత్తలు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఊదే పరీక్షకు వస్తారు. చేతికి వచ్చిన కాగితాన్ని ఎట్లా చదవాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. డాక్టరు గారికి అంత తీరిక ఉండదు. అందుకే ఇది రాస్తున్నా. జబ్బు తేల్చేది డాక్టరే. నేను ఊదించేవాణ్ని, చెప్పేది ఆ కాగితం గురించి.

ఊదడానికి వెళ్లే ముందు

ముందురోజే ఆసుపత్రికి ఫోన్ చేసి ఏ మందులు ఆపాలో అడగండి. వెంటనే పనిచేసే సాల్బుటమాల్ ఇన్‌హేలరైతే మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు ఆపమంటారు. రోజుకు రెండు పూటలా పీల్చే ఫార్మోటెరాల్ లాంటివైతే ఒక రోజు. ఆయాసం ఎక్కువై నిలవలేకపోతే మాత్రం పరీక్ష కోసం మందు ఆపొద్దు. పీల్చి వచ్చి, ఏ గంటకు పీల్చారో చెప్పండి. గంట ముందు నుంచి బీడీ వద్దు, బరువు పని వద్దు. కడుపు నిండా తిని రావద్దు. నోట్లో వక్కాకు ఉంటే ఉమ్మేసి పుక్కిలించి రండి. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు, గొట్టంలో వక్క పలుకులు ఏరినవాణ్ని.

ఈ వారంలో గుండెపోటు వచ్చి ఉన్నా, కంటి ఆపరేషన్ అయి ఉన్నా, నెలలోపు కడుపుకో ఛాతీకో ఆపరేషన్ జరిగి ఉన్నా ముందే చెప్పండి, వాయిదా వేస్తారు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే మొదట కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. రాతి దుమ్ములో పనిచేసినవాళ్లకు టీబీ ముప్పు మామూలువాళ్ల కన్నా ఎక్కువ కాబట్టి ఈ మాటను పెడచెవిన పెట్టొద్దు.

ఎత్తు కొలిపించుకోండి, చెప్పకండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మిషను మీ ఊపిరితిత్తిని చూడలేదు. మీ ఎత్తు, వయసు, ఆడా మగా అన్నది తీసుకుని, అట్లాంటి ఆరోగ్యవంతుడు ఎంత ఊదాలో లెక్క కడుతుంది. బరువు ఆ లెక్కలోకి రాదు. ఎత్తుదే పెద్ద పాత్ర.

చాలాచోట్ల "మీ ఎత్తెంత?" అని అడుగుతారు. మనవాళ్లు ఎప్పుడో పోలీసు సెలెక్షన్లకు పోయినప్పుడు కొలిచిన అంకె చెబుతారు, లేదంటే ఐదున్నర అంటారు. 160 సెంటీమీటర్ల మనిషి 165 అని చెబితే, అతను ఊదాల్సిన ఎఫ్‌వీసీ ఏడు శాతం దాకా పెరిగిపోతుంది. 84 రావలసిన చోట 78 వస్తుంది. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, తల నిటారుగా పెట్టి కొలవమని మీరే అడగండి. తలపాగా ఉంటే తీయండి. నడుం వంగిన పెద్దవాళ్లకు చేతులు బార చాపించి ఆ కొలతను ఎత్తు బదులు వాడతారు.

ఇక వయసు. మన పల్లెల్లో ఆధార్ కార్డు చూడండి, సగం మంది జనవరి 1నే పుట్టారు. నలభై దాటాక ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదే గాలి) ఏడాదికి సుమారు 25, 30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గుతూ పోతుంది. కార్డులో వయసు ఐదేళ్లు తక్కువ పడితే 150 మిల్లీలీటర్లు ఎక్కువ ఊదాలని మిషను ఆశపడుతుంది. మీ అసలు వయసు తెలిస్తే అదే చెప్పండి. ఇది పింఛను దరఖాస్తు కాదు.

ఊదడం

ముక్కుకు క్లిప్పు పెడతారు. గొట్టం చుట్టూ పెదాలు గాలి చొరబడకుండా మూయాలి. నిండా పీల్చి, ఒక్క క్షణం కూడా ఆపకుండా బుగ్గలతో కాకుండా ఛాతీతో ఒక్కసారిగా కొట్టాలి. అక్కడితో ఆపకుండా ఇంక లేదనిపించేదాకా వదులుతూనే ఉండాలి. మేము పక్కన నిలబడి "ఊదు, ఊదు, ఊదు, ఇంకా ఉంది" అని అరుస్తాం. కోప్పడుతున్నామని అనుకోవద్దు. గదిలోకి వచ్చిన పెద్దమ్మ ఒకామె "అంత అరస్తావేమప్పా, నేను చెవిటిదాన్ని కాదు" అంది. మూడోసారికి ఆమే అందరికన్నా బాగా ఊదింది.

మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి ఎఫ్‌ఈవీ1. మొత్తం వచ్చిన గాలి ఎఫ్‌వీసీ. కనీసం మూడు మంచి ఊదుళ్లు కావాలి, వాటిలో పెద్దవి రెండూ 150 మిల్లీలీటర్లలోపు తేడాతో కలవాలి. ఒక్కసారి ఊదించి కాగితం చేతిలో పెడితే దాన్ని నమ్మొద్దు. ఎనిమిది సార్ల దాకా ప్రయత్నించవచ్చు. తల తిరిగితే చెప్పండి, కూర్చోబెడతాం.

ఎవరితో పోల్చారో వెతకండి

కాగితం పైభాగంలోనో అట్టడుగున చిన్న అక్షరాల్లోనో ‘ప్రెడిక్టెడ్’ అనో ‘రిఫరెన్స్’ అనో ఉంటుంది. దాని పక్కన జీఎల్‌ఐ, ఎన్‌హేన్స్, ఈసీఎస్‌సీ, లేదా ఇండియన్ అని ఒక పేరు. మీరు ఎంత ఊదాలో కట్టే లెక్కల పేర్లు అవి. కొన్నింటిలో ‘ఎత్నిసిటీ’ (జాతి) అని ఇంకో గడి కూడా ఉంటుంది. మీ శాతం ఎవరిదో చెప్పేది ఈ రెండు గడులే.

బేతంచెర్ల ఆయన లెక్కనే వేసి చూపిస్తా. 45 ఏళ్లు, 165 సెంటీమీటర్లు, ఊదింది 3 లీటర్లు. అంకెలు సులువు కోసం గుండ్రం చేశాను. కాకేసియన్ అని నొక్కితే ఆయన 4.2 లీటర్లు ఊదాలని వస్తుంది, అంటే 71 శాతం. జాతి ఊసెత్తని కొత్త జీఎల్‌ఐ గ్లోబల్ పెడితే 78 దగ్గర ఉంటుంది. ఆగ్నేయ ఆసియా అని పెడితే 81. దక్షిణ భారతానికి దగ్గరగా 3.4 లీటర్లు ఇచ్చే ఇండియన్ లెక్క పెడితే 88. మనిషి కుర్చీలోంచి లేవలేదు, నాలుగు ఫలితాలు వచ్చాయి.

ఈ జాతి మీట మిషనులోకి ఎట్లా వచ్చిందో తెలిస్తే మీకు దాని మీద గుడ్డి గౌరవం పోతుంది. లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు 1846లో ఈ ఊదే పరికరం, స్పైరోమీటరు గురించి రాశాడు. రెండు వేల మందికి పైగా జనం చేత ఊదించి, ఎత్తు పెరిగే కొద్దీ గాలి పెరుగుతుందని చూపించాడు. అది ఈనాటికీ నిలిచిన మాట. కొద్ది ఏళ్లకే ఆ పరికరం అమెరికా బానిసల తోటల దాకా పోయింది. శామ్యూల్ కార్ట్‌రైట్ అనే తోటల వైద్యుడు నల్లవాళ్ల ఊపిరితిత్తులు తెల్లవాళ్ల కన్నా ఐదో వంతు తక్కువని, వాళ్లకు కష్టమైన పనే ఆరోగ్యమని 1850ల్లో రాశాడు. ఆ ఆలోచన చాలాకాలం మిషన్లలో ‘దిద్దుబాటు’ పేరుతో బతికింది. నల్లవాళ్లకు పది పదిహేను శాతం తగ్గించడం, ఆసియావాళ్లకు నాలుగు నుంచి ఆరు శాతం తగ్గించడం రివాజు అయింది.

2012లో జీఎల్‌ఐ వచ్చింది. 74 వేలకు పైగా పొగతాగని ఆరోగ్యవంతుల ఊదుళ్లు, మూడేళ్ల పిల్లల నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా. మంచి పనే. కానీ అందులోని గుంపులు చూడండి: కాకేసియన్, ఆఫ్రికన్ అమెరికన్, ఈశాన్య ఆసియా, ఆగ్నేయ ఆసియా, వీటిలో దేనికీ రానివాళ్లకు ‘అదర్’. ఆగ్నేయ ఆసియా అంటే థాయ్‌లాండ్, తైవాన్, దక్షిణ చైనావాళ్లు. ఇంత పెద్ద మన దేశానికి అందులో సొంత గడి లేదు. అందుకే ఒక ఆసుపత్రిలో మనల్ని ‘అదర్’ చేస్తారు, ఇంకోదాంట్లో ఆగ్నేయ ఆసియా, మరోదాంట్లో ఎవరూ మార్చక కాకేసియన్‌గా మిగిలిపోతాం. 2023లో అమెరికాలోని ఊపిరితిత్తుల వైద్యుల సంఘం, అమెరికన్ థొరాసిక్ సొసైటీ, జాతి గడిని పక్కనబెట్టి, అందరికీ ఒకే సగటు ఇచ్చే జీఎల్‌ఐ గ్లోబల్ వాడమంది.

మన దేశంలోనూ కొలతలు తీశారు. 1987లో ముంబైలో ఉద్వాడియా బృందం, 1990లో మద్రాసులో విజయన్ బృందం, 2014లో ఢిల్లీలో ఛాబ్రా బృందం తలా ఒక లెక్క ఇచ్చారు. అవి ఒకదానితో ఒకటి సరిపోవు. ఉత్తరాది లెక్కతో చూస్తే తక్కువ పడ్డ మనిషి దక్షిణాది లెక్కతో మామూలుగా ఉండవచ్చు. కాబట్టి రిపోర్టులో ‘ఇండియన్’ అని ఉంటే కూడా "ఏ ఇండియన్ సార్?" అని అడగండి.

నేను మునుపు పనిచేసిన ఒక చోట సాఫ్ట్‌వేర్ కొత్తది వేయించారు. వేసినవాడు వేసి పోయాడు, గుంపు గడి దానంతటదే కాకేసియన్‌కు మారింది. ఎవరం గమనించలేదు. మూడు వారాల పాటు వచ్చినవాళ్లు వచ్చినట్లే ‘రెస్ట్రిక్షన్’. ఊళ్లో అందరికీ ఒకేసారి ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయా అని ఒక పీజీ అబ్బాయికి అనుమానం వచ్చేదాకా సాగింది. అప్పటికే ఇద్దరు ముగ్గురు సీటీ స్కాన్లకు డబ్బులు కట్టారు. తప్పులో నా వాటా ఉంది, నేనే కదా ఆ మిషను ముందు కూర్చున్నది.

తేడా ఎందుకు

17 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2013లో ఒక లెక్క చెప్పింది. వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవి సమానం చేశాక కూడా, దక్షిణాసియాలో పొగతాగని ఆరోగ్యవంతుల ఎఫ్‌ఈవీ1 ఉత్తర అమెరికా, యూరప్ వాళ్ల కన్నా సుమారు 31 శాతం తక్కువ.

కారణం ఒక్కటి కాదు. కూర్చున్నప్పటి ఎత్తు ఒకటి: ఒకే 165 సెంటీమీటర్లలో కొందరికి కాళ్లు పొడుగు, మొండెం పొట్టి. ఊపిరితిత్తులుండేది మొండెంలో. అది తేడాలో కొంత భాగమే. తల్లి గర్భంలో ఉన్నప్పటి తిండి, తక్కువ బరువుతో పుట్టడం, చిన్నప్పుడు పదే పదే వచ్చిన న్యుమోనియాలు, వంటింటి పొగ, ఊరి దుమ్ము, ఇవన్నీ ఊపిరితిత్తి ఎంత పెరగాలో నిర్ణయిస్తాయి. ఇరవై, ఇరవై ఐదేళ్లకల్లా ఆ పెరుగుదల ఆగిపోతుంది, ఆ తర్వాత ఖర్చే. అనంతపురం కరువు ఏళ్లలో పెరిగిన పిల్లవాడి ఛాతీకి జాతి పేరు పెట్టి ‘వీళ్లకింతే’ అనడం నాకు మింగుడు పడదు. ఎత్తైన పర్వతాల మీద పుట్టి పెరిగినవాళ్లకు పెద్ద ఊపిరితిత్తులు ఉండడం కూడా ఇట్లాంటిదే, పెరిగిన చోటు చేసిన పని.

ఇప్పుడు చిక్కు తెలిసిందా? పెద్ద కొలబద్ద పెడితే బాగున్నవాడికి జబ్బు అంటగడతాం. స్కాన్లు, భయం, ఒక్కోసారి ఉద్యోగంలో ‘అన్‌ఫిట్’. చిన్న కొలబద్ద పెడితే దుమ్ము తినేసిన ఊపిరితిత్తిని కూడా మీవాళ్లకు మామూలే అని ఇంటికి పంపేస్తాం. పాలిష్ ఫ్యాక్టరీవాళ్ల విషయంలో నాకు రెండోదే ఎక్కువ భయం. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ చట్టం ప్రకారం తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో ఉంది, పరిహారమిచ్చే వృత్తి జబ్బుల పట్టికలోనూ ఉంది. నష్టం ఎంత అని లెక్కించేటప్పుడు శాతం చూస్తారు. 3 లీటర్లను 3.4తో భాగిస్తే నష్టం పన్నెండు, 4.2తో భాగిస్తే ఇరవై తొమ్మిది. 1999లో బాల్టిమోర్‌లో ఒక ఆస్బెస్టాస్ కేసులో కంపెనీ ఇదే వాదించింది: నల్ల కార్మికులకు మామూలే తక్కువ కాబట్టి, పరిహారం కావాలంటే వాళ్లు ఇంకా తక్కువ ఊది చూపించాలని. పరిహారం అర్జీ పెట్టేవాళ్లు ఏ లెక్క వాడారో కాగితం మీద రాయించుకోవడం అందుకే.

కాగితాన్ని ఈ వరసలో చూడండి

మొదట ఎఫ్‌ఈవీ1ను ఎఫ్‌వీసీతో భాగించిన నిష్పత్తి. పైనా కిందా రెండూ మీ సొంత లీటర్లే కాబట్టి ఏ జాతి గడి పెట్టినా నిష్పత్తి పెద్దగా కదలదు. బేతంచెర్ల ఆయనది 3.0లో 2.4, అంటే 0.80. ఊపిరి గొట్టాలు ఇరుకు కాలేదు. ఉబ్బసం, సీఓపీడీ (పొగ, దుమ్ము వల్ల ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) అనుమానాలకు మొదట చూసేది ఇదే. మందు పీల్చిన తర్వాత కూడా 0.70 కన్నా తక్కువ ఉంటే సీఓపీడీ వైపు చూస్తారు. డెబ్బై దాటిన ఆరోగ్యవంతులకు వయసుతోనే అది 0.70 దగ్గరకు జారవచ్చని గుర్తుంచుకోండి.

నిష్పత్తి బాగుండి ఎఫ్‌వీసీ మాత్రం తక్కువైతే అప్పుడు రిఫరెన్స్ గడి ప్రాణం మీదికి వస్తుంది. ‘రెస్ట్రిక్షన్’ అని మిషను రాసేది అనుమానమే. మొత్తం ఊపిరితిత్తి పరిమాణం కొలిచే వేరే పరీక్షతోనే అది ఖాయమవుతుంది.

తర్వాత 80 శాతం అనే గీతను మరిచిపోయి ‘జడ్ స్కోర్’ లేదా ‘ఎల్‌ఎల్‌ఎన్’ గడి చూడండి. ఎల్‌ఎల్‌ఎన్ అంటే ఆరోగ్యవంతులు వందమందిలో కింది ఐదుగురు ఉండే గీత. జడ్ స్కోర్‌లో అది మైనస్ 1.64. మైనస్ 2.5 దాకా కొద్దిపాటి లోపం, మైనస్ 4 దాకా ఓ మోస్తరు, దాని కింద తీవ్రం. పొట్టిగా ఉన్న డెబ్బై ఏళ్ల అవ్వకు 78 శాతం మామూలే కావచ్చు. పాతికేళ్ల కుర్రవాడికి 81 మామూలు కాకపోవచ్చు. ఈ తేడా 80 గీతకు తెలియదు. గీతకు అటూ ఇటూ వెంట్రుకవాసిలో ఉన్నవాళ్లకు ఒక్క కాగితంతో ఏదీ తేల్చరు. ఎక్స్‌రే, లక్షణాలు, చేసే పని అన్నీ కలిపి చూస్తారు.

సాల్బుటమాల్ పీల్చాక మళ్లీ ఊదిస్తే, ఊదాల్సిన విలువలో పది శాతానికి మించి పెరిగిందా చూడండి. పెరిగితే గొట్టాలు మందుకు లొంగుతున్నట్లు.

మీతో మీరే

దుమ్ములో పనిచేసేవాళ్లకు నా సలహా ఒకటే, పనిలో చేరిన మొదటి ఏడాదే ఊదండి. అప్పటి లీటర్లే మీ అసలు ‘నార్మల్’. ఆ తర్వాత ఏటా ఒకసారి, వీలైతే అదే మిషను మీద, అదే రిఫరెన్స్‌తో. వంద మిల్లీలీటర్లు తగ్గితే కంగారు పడొద్దు, ఒకే రోజు రెండు ఊదుళ్ల మధ్యే అంత తేడా వస్తుంది. ఏడాదిలో ఎఫ్‌ఈవీ1 పదిహేను శాతం పడిపోతే మాత్రం శాతం గడిలో 95 ఉన్నా సరే డాక్టరు దగ్గర కూర్చోవాలి. పెద్ద ఛాతీతో పుట్టినవాడు చాలా పోగొట్టుకున్నాక కూడా ‘నార్మల్’ గానే కనబడతాడు.

బేతంచెర్ల ఆయనకు ఎక్స్‌రే తీసి చూసిన డాక్టరు గారు ఆర్నెల్లకు మళ్లీ ఊదమన్నారు, ఫ్యాక్టరీలో నీళ్లు కొట్టకుండా పొడిగా రాయి కోయొద్దని చెప్పారు. నేను ఆయన ఫైలు అట్ట మీద పెన్నుతో రాసిచ్చాను. మీరూ అట్లాగే రాయించుకోండి: తేదీ, చెప్పులు లేకుండా ఎత్తు, అసలు వయసు, ఎఫ్‌ఈవీ1 లీటర్లలో, ఎఫ్‌వీసీ లీటర్లలో, మిషను పేరు, రిఫరెన్స్ పేరు, గుంపు గడిలో ఏముందో అది. ఫ్యాక్స్ కాగితంలా మెరిసే కాగితం మీద ప్రింట్ ఇస్తే ఆ రోజే జిరాక్స్ తీయించండి. మన ఎండలకు ఆ అక్షరాలు రెండు వేసవులు కూడా నిలవవు.